మూడు పాదాల మేలుకొలుపు

నర్సీపట్నం
12 జూన్ 2024

అమ్మా ప్రేమజ్యోతీ,

మీ అమ్మ మాట తప్పింది. నీ పుస్తకం కోసం ఆమె గురించి నాలుగు ముక్కలు రాసి పంపమని అడిగావు కాబట్టి మొదటి ముక్క ఇది. 1953లో మద్రాసు వెళ్లేముందు, మిషను కాంపౌండులో మా రెండు గదుల ఇంట్లో, మా అమ్మ చేతిలో చెయ్యి వేసి, "ఎక్కడున్నా వస్తానమ్మా, నీ పెట్టె మూసేటప్పుడు నేనే పాడతాను" అంది. నాకప్పుడు పదిహేనేళ్లు. గుమ్మంలో నిలబడి విన్నాను. 1962 ఆగస్టులో అమ్మ పోయింది. టెలిగ్రాం ఇచ్చాం. బయట ముసురు, లోపల శవం. ఒకటిన్నర రోజు ఎదురుచూశాం. మా అక్క రాలేదు.

ఆ పాట సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. మీ తాత ఇక్కడి చర్చిలో ఉపదేశి. కీర్తనల పుస్తకంలో లేని పాటొకటి మా ఇంటి కోసం కట్టాడు. నాలుగే పాదాలు. మా ఇంట్లో ఎవరు పోయినా పెట్టె మూత వేసే ముందు పాడాలి. మొదటి రెండు పాదాలూ పోయినవాళ్లను లేపుతాయి. మూడోది పేరు పెట్టి పిలుస్తుంది. నాలుగోది సాగనంపుతుంది, ఇటు తిరిగి చూడకుండా వెళ్లమని. మూడు పాదాలు అందరూ వినగా నేర్చుకోవచ్చు. నాలుగోది మాత్రం ఆనవాయితీగా పెట్టె పక్కనే, పాడబోయే మనిషి చెవిలో చెబుతారు. ఆ రోజు మా మేనత్త నా చెవిలో చెప్పింది, అక్క లేదు కాబట్టి. పాటను కాగితం మీద పెట్టకూడదు. మూడో పాదంలో బతికున్నవాళ్ల పేరు పెట్టకూడదు. తప్పకూడని నియమాలు ఈ రెండే.

లేవమ్మా లేవమ్మా, తెల్లవారింది,
వాకిట్లో వెలుతురొచ్చి నిలుచున్నది,
చిట్టితల్లీ, నీ పేరు పిలిచారు, పలకవమ్మా.

ఇది నీకు బాగా తెలిసిన పాటే. మీ అమ్మకి ఆంధ్రదేశమంతా పేరు తెచ్చిన మేలుకొలుపు. రేడియోలో అరవై ఏళ్లుగా పొద్దున్నే మోగుతోంది. ఇప్పుడు ఫోన్లలో అలారం అయింది. తల్లులు దాంతో పిల్లల్ని బడికి లేపుతున్నారు. చిట్టితల్లి నా కూతురు. 1963 ఏప్రిల్లో ఈ పాట ఉన్న సినిమా వచ్చింది. మరుసటి జనవరిలో టైఫాయిడ్‌తో నా కూతురు పోయింది. దానికి నాలుగేళ్ల ఆరు నెలలు.

నీ పుస్తకంలో ఇంకొకటి కూడా వెయ్యి. మీ అమ్మ సినిమాల్లో చేరిందని ఈ సంఘం పెద్దలు ఆమె పేరును బల్లారాధనలో రొట్టె అందుకునేవాళ్ల జాబితాలోంచి కొట్టేశారు. వాళ్ల మనవలే నిన్న అబీద్ సెంటర్లో "మన ఊరి స్వరరాణి" అని ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ మీద పుట్టిన సంవత్సరం తప్పు. ఒక పేపరువాడు ఆమె తునిలో పుట్టిందని రాశాడు. దిద్దమని ఉత్తరం రాస్తే "గమనించగలం" అని జవాబు. వాడు గమనించేలోపు నేను పోతాను.

పక్కింటి కిరణ్ బాబు ఫోను నా మంద చెవికి కూడా వినపడేంత గట్టిగా మోగుతోంది, అదే పాట. ఆరున్నర అయినట్టుంది. పాప వచ్చే వేళ. ఉంటాను.

మీ మామయ్య,
వరదానం


చెన్నై
24 జూన్ 2024

గౌరవనీయులైన మామయ్య గారికి,

ప్రభువు నామంలో మీ మేనకోడలు వందనాలు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చిట్టితల్లి అని నాకొక వదిన ఉండేదని అమ్మ పోయేదాకా నాకు ఒక్కసారీ చెప్పలేదు. క్షమించండి.

పుస్తకం పనులు సాగుతున్నాయి. అమ్మ మొదట గుంపులో పాడడం, ఆ గొంతు విని మ్యూజిక్ డైరెక్టరు ముందుకు పిలవడం, ఆ తర్వాత ఇరవై రెండు సినిమాల్లో తన పాటలు తనే పాడుకున్న హీరోయిన్‌గా నిలబడడం, నటించేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు అయిన రోజుల్లో పక్కకి జరగడం, చివర్లో బామ్మ వేషాలు, అన్నీ వస్తున్నాయి. అమ్మ ఉంటే తొంభై నిండే ఈ సెప్టెంబర్లో ఆ సినిమా బాగుచేసిన ప్రింటు వేస్తున్నారు. మా మనవరాలు జెన్నీ, అదే, మా శాలిని కూతురు, ఆరేళ్లది, స్టేజీ మీద ఆ మేలుకొలుపు పాడుతుంది. అచ్చం అమ్మ గొంతే మామయ్యా.

మీ బాధ అర్థమైంది. బాణీ తాతగారిదని ఎక్కడా లేకపోవడం అన్యాయం. పుస్తకంలో తాతగారి పేరు వేయిస్తాను. కావాలంటే మీ పేరు కూడా.

పొద్దున్నే మీ ఇంటికి ఎవరో పాప వస్తుందని రాశారు. చాలా సంతోషించాను. ఈ వయసులో ఆ మాత్రం సందడి ఉండాలి. ఆ పాపకని ఒక గౌను పంపుతున్నాను, నీలం రంగుది, తెల్ల కాలరు. వయసు మీరు రాయలేదు. కొట్లో చేతికి నాలుగేళ్ల సైజు వచ్చింది, సరిపోతుందనుకుంటాను.

ఫోను పెట్టించుకోమని మళ్లీ అడుగుతున్నాను. చెవికి మిషను పెట్టుకుంటే వినపడుతుంది.

మీ
ప్రేమజ్యోతి


నర్సీపట్నం
3 జూలై 2024

ప్రేమజ్యోతీ,

రెండువేల పుస్తకాలు చదివిన నేను ఒక ఉత్తరం తిన్నగా రాయలేకపోయానని నీ జవాబు చూశాక తెలిసింది. నాకు పేరు వద్దు. మీ తాతకీ వద్దు. సావు పాట కట్టినవాడిగా సినిమా పుస్తకంలోకి ఎక్కాలని ఆయన కోరుకోలేదు.

వచ్చే పాప పక్కింటి పాప కాదు. రాస్తే ముసలాడికి మతి పోయిందంటావు. అందుకని నా మాట వదిలేసి, మా వంటావిడ మాట రాస్తాను. పేరు సోమలమ్మ. కొండ దిగి వచ్చిన మనిషి, ఏజెన్సీలో ఏదో ఊరు. వచ్చి నెలరోజులే అయింది. నా కూతురు సంగతి ఆమెకు తెలియదు. వచ్చిన నాలుగో రోజు పాలు కాస్తూ అడిగింది.

"మేస్టారూ, ఆ పాప ఎవులి పిల్లండి?"

"ఏ పాప?"

"పొద్దున్నే గుమ్మం కాడికి వొచ్చి నిలబడతాది కదండీ. గుండు పాప. రమ్మంటే రాదు, పొమ్మంటే పోదు. ఎవులో పిలిస్తే వొచ్చినట్టు సూస్తాది. ఏటి కావాలో సెప్పదు."

"అక్కడ ఎవరూ లేరు. నీ పని చూసుకో."

"మీకు కానరాకపోతే రోజూ రెండు గలాసులు పాలెందుకు పొయ్యమంతన్నారండీ?"

జ్వరం తగ్గాలని చివరి వారంలో నా కూతురికి గుండు చేయించాం. మీ అత్త పోయాక ఆ గుండు సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు అర్థం చేసుకో. మీ అమ్మకి తెలిసినవి మూడు పాదాలే. రేడియో పాడేదీ మూడే. లే అంటారు, పేరు పెట్టి పిలుస్తారు, ఆపేస్తారు. ఎక్కడో ఒక ఇంట్లో ఆ పేరు పిలవని పొద్దు ఈ అరవై ఏళ్లలో ఒక్కటీ లేదు. వెళ్లమని చెప్పేవాళ్లు లేరు. పిలిస్తే వస్తుంది. వచ్చి నిలబడుతుంది. బతికున్నప్పుడూ అంతే, వంటింట్లోంచి తల్లి పిలిస్తే గుమ్మం దాకా వచ్చి, "నన్నేనా?" అన్నట్టు చూసేది.

జెన్నీ చేత ఆ పాట పాడించకు. అడిగేది అదొక్కటే.

గౌను అందింది. కుర్చీ వీపుకి వేసి ఉంచాను. ఎవరికీ ఇవ్వలేదు.

వరదానం


చెన్నై
14 జూలై 2024

మామయ్య గారికి,

కోపం తెచ్చుకోకండి. మిమ్మల్ని ఒక్కసారి విశాఖలో డాక్టరుకి చూపించాలని శాలినీ నేనూ అనుకుంటున్నాం. ఒంటరిగా ఉండేవాళ్లకి ఇలాంటివి కనిపిస్తాయట. వంటావిడలు యజమాని మనసెరిగి మాట్లాడతారు, అది మీకు నేను చెప్పాలా. జెన్నీ పాట కార్డులో అచ్చయిపోయింది, ఆపడం కుదరదు. పసిపిల్ల, ఎంతో ముచ్చటపడి నేర్చుకుంటోంది.

మీకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. అమ్మ ట్రంకు పెట్టెలో మీరిచ్చిన టెలిగ్రాం దొరికింది. అది అమ్మకి అందలేదు. ప్రొడక్షన్ మేనేజరు విప్పి, "పాట షూటింగ్ అయ్యాక ఇవ్వాలి" అని పెన్సిలుతో రాసి దాచాడు. వేసిన సెట్టు ఆగిపోతుందని. అయిదో రోజున అమ్మ చేతికిచ్చాడు. ఆ అయిదు రోజులూ లౌడ్‌స్పీకర్లో తన పాట (ఈ మేలుకొలుపు కాదు, అంతకుముందుది) తనే వింటూ నవ్వుతూ నటించింది. అమ్మ మాట తప్పలేదు మామయ్యా, తప్పించారు.

ఇంకొకటి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. అమ్మ బైబిల్లో ఒక కాగితం దొరికింది. మూడు పాదాలూ ఉన్నాయి. చేతిరాత మీ ఉత్తరాల్లోదే. 'వ' కింద ఆ గీత కూడా అలాగే ఉంది. మూడో పాదంలో చిట్టితల్లి అని ఉంది. సినిమా కథలో ఆ పాప పేరు మొదట వేరట, కాగితంలో పేరు బాగుందని మార్చారట, స్క్రిప్టులో కొట్టివేత కనిపిస్తోంది. ఆ పేరు అమ్మ పెట్టిందన్నట్టు మీరు ఎందుకు రాశారు?

అమ్మ గురించి ఒక మాట. ఇంత పేరొచ్చిన పాట మా ఇంట్లో మాత్రం మోగనిచ్చేది కాదు. రేడియోలో వస్తే చటుక్కున లేచి కట్టేసేది. కట్టేసి గుమ్మం వైపు చూసేది. ఎవరమ్మా అంటే "ఎవరూ లేరు" అనేది. చిన్నప్పుడు అదొక అలవాటనుకున్నాను.

ప్రేమజ్యోతి

తా.క. కవరు అంటించబోతుంటే జెన్నీ వచ్చింది. "అమ్మమ్మా, నేను పాడుతుంటే తలుపు దగ్గర ఒక పాప నుంచుంటోంది, నీలం గౌను, తెల్ల కాలరు, జుట్టు లేదు" అంది. ఆ గౌను కొన్నప్పుడు నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఇంట్లో ఎవరికీ చూపించలేదు.


నర్సీపట్నం
22 జూలై 2024

ప్రేమజ్యోతీ,

నీ ఉత్తరం చదువుతూ తలెత్తి చూశాను. కుర్చీ మీద గౌను లేదు. సోమలమ్మను అడిగాను. "లోవమ్మ తల్లి మీద ఒట్టండి, నాను ముట్టుకోలేదు" అంది. బట్టలు దొంగిలించే మనిషి కాదు. ఇల్లంతా వెతికించాను. పాప ఇక్కడికి రాక ఈ రోజుకి తొమ్మిది రోజులు. పాలగ్లాసు తొరకకట్టి అలాగే ఉంటోంది.

కాగితం నేను రాసిందే. దాచను. అమ్మను మట్టి చేసిన పదకొండో రోజున రాశాను. అప్పుడు నేను బి.ఏ. చదివిన ఇరవై నాలుగేళ్ల పంతుల్ని, మాకవరపాలెం బడిలో. పాటను కాగితం మీద పెట్టకూడదన్న మాట నాకు నవ్వులాటగా ఉండేది. "ఎప్పుడో నాన్న పోయినప్పుడు విన్నావు, మరిచిపోయి ఉంటావు. ఇదిగో పాట. ఇక్కడికి రావడానికి తీరిక లేకపోతే అక్కడే పాడుకో. నాలుగో పాదం కావాలంటే వచ్చి అడుగు" అని ఇంకో కాగితం మీద రాసి జత చేశాను. అది మీ అమ్మ దాచుకోలేదన్నమాట.

మూడో పాదంలో అమ్మ పేరు రాయబోతే చెయ్యి సాగలేదు. ఖాళీగా వదిలితే బాణీ కుంటుతుంది. చిట్టితల్లి నా ఒళ్లో కూర్చుని ఏటికొప్పాక బొమ్మ ఒకటి కొరుకుతోంది. ఎవరి పేరు పెట్టనని గొణుక్కుంటుంటే, "నా పేరు ఎట్టు నాన్నా" అంది. పెట్టాను. అక్క మూడేళ్ల మేనకోడలి పేరు చూసి ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చిందో లేదో తెలియదు. మ్యూజిక్ డైరెక్టరుకి చూపించింది.

ఇక టెలిగ్రాం. అయిదో రోజున అందింది, సరే. ఆరో రోజున మద్రాసు నుంచి బళ్లు లేవా? నర్సీపట్నం రోడ్ స్టేషను మూసేశారా? ఆరో రోజున రాలేదు, ఆరో నెలలో రాలేదు. నా కూతురు పోయినప్పుడు కార్డు రాశాను. రాలేదు. మేనేజరు దాచింది ఒక్క టెలిగ్రాం. మిగతా ముప్పై ఏడేళ్లు, ఆమె పోయేదాకా, ఎవరు దాచారు?

జెన్నీ చేత పాడించకు. మనవరాలిని ఎక్కడికైనా పంపెయ్యి. చెప్తే వినవు, మీ అమ్మ కూతురివి.

వరదానం


చెన్నై
29 జూలై 2024

మామయ్యా,

వందనాలు రాసే స్థితిలో లేను. జెన్నీకి ఆరు రోజులుగా జ్వరం. రక్త పరీక్షల్లో ఏమీ లేదంటున్నారు. పాట మానిపించాను. పోయిన సోమవారం నుంచి ఇంట్లో ఆ పాట లేదు. అయినా పొద్దున్న ఆరున్నర కాగానే కళ్లు తెరిచి తలుపు వైపు చూస్తోంది. "అది పోవట్లేదమ్మమ్మా. నాలుగోది చెప్పమంటోంది. నాకు రాదంటే వినట్లేదు" అంటోంది. నాలుగోది అన్న మాట ఈ ఇంట్లో నేను ఎవరి ముందూ అనలేదు. మీ ఉత్తరాలు బీరువాలో తాళం వేసి ఉన్నాయి.

నిన్న జెన్నీ పక్కన కూర్చుని మీ ఉత్తరాలన్నీ వరసగా చదివాను. అందులో ఒక సంగతి లేదు. అడుగుతున్నాను, జవాబు చెప్పండి. అమ్మమ్మకి మీరే పాడారు. నాలుగో పాదం మీకు వచ్చు. చిట్టితల్లి పెట్టె మూసేటప్పుడు ఎవరు పాడారు? మీరైతే నాలుగూ పాడారా? పాడితే అది ఇంకా ఎందుకు తిరుగుతోంది? పాడకపోతే ఇన్నేళ్లలో ఏ పొద్దున అయినా, ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు, ఎందుకు పాడలేదు?

నాకు సినిమా వద్దు, పుస్తకం వద్దు. పిల్ల కావాలి.

కిరణ్ బాబు నంబరు ఇక్కడి సంఘంలో ఒకరి ద్వారా సంపాదించాను. ఏదైనా ఉంటే అతనికి చెప్పండి.

ప్రేమజ్యోతి


నర్సీపట్నం
2 ఆగస్టు 2024

అమ్మా ప్రేమజ్యోతీ,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. అడిగినదానికి జవాబు.

చిట్టితల్లికి నేనే పాడాను. 1964 జనవరి, బుధవారం, పదకొండు గంటలకి. చిన్న పెట్టె. మొదటి పాదం, రెండో పాదం. మూడో పాదంలో పేరు పెట్టి పిలిచాను. పిలిచి ఆగిపోయాను. గొంతు పూడుకుపోయిందని అందరూ అనుకున్నారు. పాస్టరు గారు నా భుజం మీద చెయ్యి వేసి మూత వేయించారు. గొంతు పూడుకుపోలేదు. గొంతు ఉంది. పాదం నాలుక చివరే ఉంది. అది పాడితే పిల్ల వెళ్లిపోతుంది. నేను పాడలేదు.

మీ అత్తకి తెలుసు. పక్కనే నిలబడి నా మొహం చూసింది. తర్వాత ఇరవై ఏడేళ్లు నాతో కాపురం చేసింది, ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఆవిడకి పాప ఎప్పుడూ కనిపించలేదు. రెండో గ్లాసు పాలు రోజూ ఆవిడే పోసేది.

అక్క రేడియోలో పిలిచేది, నా ఇంటి గుమ్మంలోకి పాప వచ్చేది. అక్కను తిట్టుకుంటూ, నేను తలుపు తీసి ఉంచేవాణ్ణి. పుస్తకం చదువుకుంటూ కూర్చుంటే అది గుమ్మంలో నిలబడేది, పది నిమిషాలు. ఏమీ అడగదు. ఎదగదు. నాకు జుట్టు తెల్లబడింది, పళ్లు పోయాయి, చెవులు మందగించాయి, అది అలాగే ఉంది. దాన్ని అక్కడ నిలబెట్టింది నేనేనని నాకు తెలుసు. కాళ్లు నొప్పి పుడతాయేమో అని కూడా ఆలోచించలేదు. అరవై ఏళ్లు.

మీ ఇంటికి ఎందుకు వచ్చిందో నిన్న తెలిసింది. నన్ను అడిగితే లాభం లేదనుకుంది. సాటి పిల్లను అడిగింది.

ఈ పొద్దున అయిదింటికి లేచాను. సోమలమ్మను రావద్దన్నాను. వినలేదు, వచ్చి వంటింటి గోడకి ఆనుకుని నిలబడింది. ఆరున్నరకి పక్కింట్లో పాట మొదలైంది. వస్తుందో రాదో తెలియలేదు, పందొమ్మిది రోజులు రాలేదు కదా. వచ్చింది. నీలం గౌను వేసుకుని వచ్చింది. భుజాల దగ్గర కొంచెం వదులు. కిరణ్ బాబు ఫోను మూడో పాదం దగ్గర ఆగింది. నేను కుర్చీలోంచి లేచి, నాలుగోది పాడాను.

ఆ పాదం పాడడానికి ఎంతసేపు పడుతుందో నీకు తెలియదు. ఒక ఊపిరి కూడా పట్టదు.

అది కొంచెంసేపు నా వైపు చూసింది. తర్వాత అటు తిరిగింది. మెట్లు ఒక్కొక్కటే దిగింది, పసిపిల్లలు దిగినట్టు, రెండు కాళ్లూ ఒకే మెట్టు మీద పెట్టుకుంటూ. వెనక్కి చూడలేదు. చూడొద్దని నేనే కదా పాడింది. సోమలమ్మ వంటింట్లోంచి, "బేగి ఎల్లిపోనాదండీ మేస్టారూ, పాలేనా తాగనేదు" అంది.

ఎనిమిదింటికి కిరణ్ బాబు గోడ మీంచి కేకేశాడు. చెన్నై నుంచి ఫోనట, జెన్నీకి తెల్లారేసరికి జ్వరం దిగిందట, ఇడ్లీ అడిగిందట. మంచిది. జెన్నీని అడగకు, దాన్ని మరిచిపోనియ్యి.

నాలుగో పాదం ఇందులో రాయను. నా పెట్టె పక్కన నిలబడే ఓపిక ఉంటే ముందే వచ్చి నా నోటి నుంచి విను. రాకపోతే మూడుతో ఆపకు, అసలు పాడించకు.

ఇక నీ పుస్తకం సంగతి. కాగితం రాసింది నేను, పేరు పెట్టింది నేను, నాలుగో పాదం మింగేసింది నేను. అన్నీ అచ్చు వేయించుకో. ఇదంతా చదివినవాళ్లు ముసలాడిదే తప్పంటారు. అననీ. కానీ నా కాగితానికి గొంతు లేదు, నేను ఆగిపోయిన రోజు నా పిలుపు ఆ గది దాటలేదు. నా పిల్లను ఊరూరా పిలిచి, ఇంటింటా పిలిపించి, అది తన గుమ్మంలోకి వచ్చి నిలబడితే ఎవరూ లేరని రేడియో కట్టేసి, ఒక్కసారీ బండెక్కి వచ్చి "తమ్ముడూ, నాలుగోది చెప్పరా" అని అడగని మనిషి ఒకామె ఉంది. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. తిట్టేవాణ్ణి, ఏడ్చేవాణ్ణి, చెప్పేవాణ్ణి. ఇద్దరం కలిసి పాడి ఆ పిల్లను అప్పుడే పంపి ఉండేవాళ్లం. ఒక్కణ్ణే ఆ పని చేయడానికి నాకు ఎనభై ఆరేళ్లు వచ్చాయి. ఈ ఇంట్లో ఇప్పుడు గుమ్మం గుమ్మంలాగే ఉంది, అందులో ఎవరూ లేరు. ఇవాళ కూడా నేను తప్పు పట్టేది ఆమెనే. పోస్టర్ల మీది పేరు నాకు అక్కర్లేదు. మా నాన్న బాప్తిస్మం రిజిస్టరులో రాయించిన పేరు, మా అక్క, సువార్తమ్మ.